కొంగున వాము

పెట్టె మూత ఎత్తగానే గంగాభవాని ముందు ముఖం లోపల పెట్టేసింది. చేతులు ఆ తర్వాత పెట్టింది.

"వస్తోంది నాన్నా," అంది అక్కణ్ణించే. చీర మడతల్లో పడి గొంతు ముద్దగా వినిపించింది. "అమ్మ వాసన. ఇంకా వస్తోంది." కాసేపాగి మళ్ళీ పీల్చింది. "కానీ చలికాలంలో ఉన్నంత లేదు."

రామమూర్తి పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురు పక్కకు జరిగి చోటిచ్చింది. పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క చీర. వంకాయరంగు బొబ్బిలి నేత. రోజూ కట్టి ఉతకడం వల్ల అంచు దగ్గర రంగు వెలిసింది. భార్య రమణమ్మ జ్వరంతో మంచమెక్కిన రోజు దాన్ని విప్పి దండెం మీద వేసింది. మళ్ళీ కట్టుకోలేదు. ఆమె పోయాక చాకలికి వేసిన బట్టల్లోంచి అతనే దాన్ని తీసుకుని, ఉన్నదాన్ని ఉన్నట్టే ఈ రేకుపెట్టెలో దాచాడు. మిగిలిన చీరలన్నీ ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళిపోయాయి.

అతను చీరలో ముఖం ఆనించి గట్టిగా గాలి పీల్చాడు. ముక్కు ఎప్పటిలాగే బిగదీసుకుని, కళ్ళ మధ్య ఎక్కడో చిన్న ఈల వేసి ఊరుకుంది. చెంపకు నూలు మెత్తగా తగిలింది. అంతే. చీరకు బదులు అక్కడ గోనెపట్టా పెట్టినా, మల్లెపూలు పోసినా అతని ముక్కుకు తేడా తెలిసేది కాదు.

"వచ్చిందా నాన్నా?"

"వచ్చిందమ్మా."

"ఎలా ఉంది?"

రామమూర్తి ఆలోచించాడు. "అమ్మలాగే ఉంది," అన్నాడు.

గంగాభవాని తృప్తిగా తలూపి, గాలి తగలకుండా మూత వేసి గొళ్ళెం పెట్టింది. అతను లేచి పెరట్లోకి వెళ్ళి, ముఖం కడుక్కునే నెపం మీద తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పిల్ల ముక్కుకే తగ్గిపోతోందంటే వాసన వెళ్ళిపోతోందన్నమాట. భార్యది ఈ లోకంలో మిగిలిన ఆ కాస్తా తనకు ఒక్కసారి కూడా అందకుండానే వెళ్ళిపోతోంది.

రామమూర్తి విజయనగరం కాలేజీలో బి.ఏ. చదివి రైల్వేలో గూడ్సు గుమాస్తాగా చేరాడు. మొదట రాయపూర్ దగ్గర తిల్దాలో వేశారు. తిల్దా అంటే బియ్యం మిల్లులు. పొద్దున్న షెడ్డులో అడుగుపెడితే సాయంత్రం దాకా తవుడూ ఊక దుమ్మూ. కనురెప్పలు కూడా తెల్లబడేవి. అక్కడ పట్టిన పడిశం రాయపూర్ బదిలీ అయి వచ్చినా వదల్లేదు. చెంపలు బరువెక్కేవి. వంగితే కళ్ళ కింద ఇటుకలు పెట్టినట్టుండేది. గొంతు వెనక ఎప్పుడూ ఏదో కారుతూ ఉండేది. తర్వాత ఎప్పుడో, ఏ రోజో కూడా తెలియకుండా, వాసన పోయింది. పాలు మాడి ఇల్లంతా పొగ కమ్ముతుంటే అతను అదే వంటింట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్న రోజున ఆ సంగతి బయటపడింది.

రమణమ్మ నవ్వి, ఆ తర్వాత నవ్వడం మానేసి, వైద్యం మొదలుపెట్టింది. పసుపుకొమ్ము దీపంలో కాల్చి పొగ పీల్పించేది. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. వావిలాకు ఆవిరి మంచిదని ఎవరో చెబితే పాలు పోసే ఛత్తీస్‌గఢీ మనిషిని తెమ్మంది. వావిలాకును వాళ్ళ భాషలో ఏమంటారో ఆమెకు తెలియదు. ఆ మనిషి రోజుకో రకం కొమ్మ తెచ్చి "యే హవయ్ కా బాయీ?" అని, ఇదేనా అన్నట్టు చూపించేవాడు, ఆమె కాదని తల తిప్పేది. చివరికి ఒకనాడు నిజంగా వావిలాకే తెచ్చాడు. పండగ చేసుకున్నట్టు గంగాళంలో నీళ్ళు మరిగించి, మొగుణ్ణి కూర్చోబెట్టి దుప్పటి కప్పింది.

అన్నిటికంటే ఎక్కువగా వాము. పెనం మీద వేయించి, పాతగుడ్డలో మూటకట్టి, వేడివేడిగా అతని ముక్కు దగ్గర పట్టేది. "ఏవండీ, వస్తోందా?" అని అడిగేది.

"వెచ్చగా ఉంది."

"వాసన?"

"లేదు."

"రేపొస్తుంది లెండి," అనేది.

ఆమె కొంగు చివర కూడా ఎప్పుడూ ఒక చిన్న ముడి ఉండేది. "ఏమిటే అది, నాకు తెలియకుండా దాచిన డబ్బా?" అని వేళాకోళం చేస్తే, "వామండీ. మీకోసమే," అనేది. పడుకునేటప్పుడు ఆ కొంగు ముఖం మీద కప్పుకోవడం ఆమెకు అలవాటు. "మార్వాడీ కొత్తకోడలిలా ఆ ముసుగేమిటే?" అంటే వానాకాలంలో దోమలనేది. చలికాలంలో చలనేది. ఎండాకాలంలో లాంతరు వెలుగు కళ్ళలో పడుతోందనేది. అతను లాంతరు తగ్గించేవాడు. అయినా ముసుగు తీసేది కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళమని ఆమె పోరుతూనే ఉండేది. రైల్వే ఆసుపత్రిలో ముక్కులో మేకు దిగ్గొడతారని ఆఫీసులో ఎవరో చెప్పారు. రామమూర్తి ఈ నెల కాదు వచ్చేనెల అంటూ వచ్చాడు. కిందటి శ్రావణంలో ఆమెకే టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగలేదు.

ఇప్పుడు మళ్ళీ శ్రావణం రాబోతోంది. సంవత్సరీకం జరిపించడానికి పార్వతీపురం నుంచి అక్క తాయారమ్మ వచ్చింది. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. తమ్ముడి మీద ప్రేమంతా గద్దింపుగానే బయటికొస్తుంది.

"ఏఁవిట్రా రామూ, పెట్టెలో ఆ చీర సంగతి?" అంది వచ్చిన మర్నాడే. "ముత్తైదువుగా పోయిన మనిషిదిరా. ఏడాది లోపల ఇంకో ముత్తైదువు చేతిలో పెట్టాలి. ఇంట్లో పట్టుకు కూచుంటే పోయిన ప్రాణి గడప దాటదు."

పక్క క్వార్టర్సులో ఉండే ఫిట్టరు నూకరాజు భార్య పైడమ్మ అప్పుడే చేట పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. రమణమ్మకు ఆమె అక్క వరసగా ఉండేది.

"ఇదిగో ఉన్నాదిగా ముత్తైదువు," అంది తాయారమ్మ. "పైడమ్మకిచ్చెయ్యి."

"నాకేటి తల్లీ!" అంది పైడమ్మ. "ఆ సీర నా ఒంటికి సాలుద్దా? నా పక్కన రవణమ్మ నిలబడితే గేదె పక్కన దూడలాగుండీది." అంటూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "బాబుకి ఇవ్వాలనిపిత్తేనే ఇవ్వమనండి. జబర్దస్తీ సెయ్యకండి."

"సంవత్సరీకం నాడు ఇస్తానక్కయ్యా," అన్నాడు రామమూర్తి. "అంతదాకా దాన్ని ఎండలో మాత్రం వెయ్యకు. పెట్టె తెరవకు."

"ఎందుకురా?"

నలభై దాటిన మగవాడు చీర వాసన చూడాలని ఎలా చెబుతాడు? ఆ వారంలోనే సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరు భీమారావు యుద్ధంలో మిలటరీ ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన మనిషి. గొంతు పెద్దది. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని ముక్కులోకి చూస్తూ ప్రశ్నలు వేశాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"మా అమ్మాయి పలక పట్టినప్పటినుంచండీ."

"ఇప్పుడేం చదువుతోంది?"

"ఎనిమిదో క్లాసు."

"బాగుంది. పడిశానికి పెళ్ళీడు వచ్చేదాకా ఆగి తీసుకొచ్చారన్నమాట." డాక్టరు నోరు తెరవమని, పై దవడలో ఒక పన్ను మీద చిన్న కడ్డీతో తట్టాడు. రామమూర్తి కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "ఊఁ. పరదేశీ, తలుపులు ముయ్యి."

కాంపౌండరు పరదేశి తలుపులూ కిటికీలూ మూసేసి గదిని చీకటి చేశాడు. డాక్టరు వేలెడంత బల్బును ముందు పరదేశి నోట్లో పెట్టి పెదాలు మూయించాడు. చీకట్లో పరదేశి చెంపలు రెండూ లోపలినుంచి ఎర్రగా వెలిగాయి. బొమ్మల కొలువులో కాగితపు దీపాల్లా ఉన్నాయి.

"ఆరోగ్యంగా ఉన్న చెంపలు ఇట్లా ఉంటాయి. ఇప్పుడు మీరు అద్దంలో చూసుకోండి."

బల్బు కడిగి రామమూర్తి నోట్లో పెట్టాడు. అతను చేతి అద్దంలో చూసుకున్నాడు. పెదాలు మాత్రం ఎర్రగా వెలిగాయి. వాటికి పైన రెండు వైపులా చీకటే.

తలుపులు తెరిచాక డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ముక్కుకి అటూ ఇటూ చెంప ఎముకల్లో బోలు గదులుంటాయి. సైనస్‌లంటారు. వాటిల్లో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. లోపల పొర రోజూ కాస్త తేమ చేస్తుంది. ఆ తేమ చిన్న ద్వారం గుండా ముక్కులోకి పోవాలి. చిక్కేమిటంటే ఆ ద్వారం కింద లేదు, పైన ఉంది. మీ గూడ్సు షెడ్డుకి తలుపు పైకప్పులో పెట్టారనుకోండి, ఎట్లా ఉంటుంది?"

"సరుకు లోపలే కుళ్ళిపోతుందండీ."

"అదే జరిగింది. పడిశం పట్టినప్పుడల్లా ఆ ద్వారం వాచి మూసుకుపోతుంది. మీకు మిల్లుల దుమ్ము తోడైంది. పైగా ఆ పన్ను. పై పళ్ళ వేళ్ళు ఆ గది నేలకి ఆనుకునే ఉంటాయి. పన్ను పుచ్చి ఆ చీము కూడా పైకి చేరింది."

"మా ఇంట్లో ఆవిరి పట్టేది. వామూ అదీ..." రామమూర్తి ఆగాడు. "అదంతా తప్పా అండీ?"

"తప్పెందుకవుతుంది? ఆవిరికి ద్వారం దగ్గర వాపు తగ్గుతుంది. కొత్త పడిశమైతే చాలామందికి దాంతోనే నయమవుతుంది. ఇంట్లో ఉండి చెయ్యగలిగింది ఆవిడ చేశారు. కానీ ఏళ్ళ తరబడి లోపల పేరుకున్నది ఆవిరికి రాదు. పన్ను తీసి, గదులు కడిగి, పెన్సిలిన్ ఇవ్వాలి."

"వాసన తిరిగొస్తుందాండీ?"

"ఏం, అంత తొందరేమిటి? కొత్తావకాయ పెట్టారా ఇంట్లో?"

రామమూర్తి ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసుకున్నాడు. "ఒక చీర ఉందండీ," అన్నాడు మెల్లిగా.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. అడగనందుకు రామమూర్తి ఆ తర్వాత ఎన్నోసార్లు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"మాటివ్వలేను," అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి. "వాసన పట్టే నరం పైన బతికుంటే వస్తుంది. వచ్చినా కొన్నాళ్ళుండి పోవచ్చు. పని మొదలుపెడదాం."

పన్ను తీసిన పుండు మానాక మొదటిసారి కడిగారు. మొద్దుబారే మందులో తడిపిన దూది ముక్కులో కుక్కి చాలాసేపు కూర్చోబెట్టారు. తర్వాత డాక్టరు బోలుగా ఉన్న లావుపాటి సూది లోపలికి పోనిచ్చి, చెంప వైపు తిప్పి నొక్కాడు. కోడిగుడ్డు పెంకు చిట్లినట్టు తలలో చిన్న శబ్దమైంది. నొప్పి కంటే ఆ శబ్దానికే రామమూర్తి చేతులు కుర్చీని పట్టుకున్నాయి.

"అయిపోయింది, మేకు దిగిపోయింది," అన్నాడు పరదేశి, అతని ఒళ్ళో తట్ట పెడుతూ. "ఇంక ముందుకు వంగండి గురువుగారూ. నోటితో గాలి తియ్యండి."

రబ్బరు బుడ్డితో గోరువెచ్చని ఉప్పునీళ్ళు లోపలికి కొట్టారు. ముందేమీ రాలేదు. తర్వాత ముక్కులోంచి పసుపుపచ్చగా, ముద్దలు ముద్దలుగా తట్టలోకి జారింది. తన తలలోంచి అంత వచ్చిందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు.

తట్ట పట్టుకున్న పరదేశి హఠాత్తుగా ముఖం పక్కకు తిప్పేసుకున్నాడు. "రామ రామ!" అని కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క తోసి, రెండు గుక్కలు గాలి పీల్చి వచ్చాడు. "తప్పుగా అనుకోకండి. ఎన్నో కడిగాం గానీ ఇలాంటిది... మీ అదృష్టం, మీకు తెలియట్లేదు."

"వాసనొస్తోందా?" అన్నాడు రామమూర్తి.

"వాసనా!" అని పరదేశి డాక్టరు ముఖం చూశాడు.

"పన్నునుంచి వచ్చిన చీము కంపు కొడుతుంది," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "ముక్కులోంచీ నోట్లోంచీ ఎప్పుడూ వస్తూనే ఉండి ఉంటుంది. మీకు వాసన పోయింది కాబట్టి తెలియలేదు. ఇంట్లోవాళ్ళు చెప్పలేదూ?"

"లేదండీ," అన్నాడు రామమూర్తి. "చెప్పలేదు."

ఇంటికి నడుస్తూ ఉంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. తోటి గుమాస్తా వెంకటస్వామి గాలి కోసమని చెప్పి తన బల్లను కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. బియ్యం వ్యాపారులు తనతో మాట్లాడేటప్పుడు నాలుగడుగులు అవతలే నిలబడేవారు. పెద్దమనిషని గౌరవిస్తున్నారనుకునేవాడు. గంగాభవాని ఒకప్పుడు ఒళ్ళో కూర్చుని పలక దిద్దేది. తర్వాత తర్వాత లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చినా చాపకు అవతలి కొసన కూర్చునేది. ఆడపిల్ల ఎదుగుతోందని సరిపెట్టుకున్నాడు.

అందరూ జరిగారు. రమణమ్మ ఒక్కతే జరగలేదు. ఆ ఇరుకు క్వార్టర్సులో, ఒకే చాప మీద, తన ఊపిరి తగిలేంత దగ్గర ఏళ్ళ తరబడి పడుకుంది. ఒక్కనాడు మాట తూలలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళమని పోరింది గానీ ఎందుకో చెప్పలేదు. బజారు మధ్యలో రామమూర్తి ఒక బట్టల కొట్టు మెట్టు మీద కూర్చుంటే కొట్టువాడు ఏమీ అడక్కుండా లోటాతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆనాటి నుంచి అతను ఎవరితో మాట్లాడినా కండువా నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పేపరు చదువుతున్నప్పుడు కూడా తీసేవాడు కాదు.

"ఏఁవిట్రా ఆ వేషం? పంటి నొప్పా?" అంది తాయారమ్మ.

"ఊఁ," అన్నాడు.

కడగడాలు ఆషాఢమంతా సాగాయి. పెన్సిలిన్ సూదులకు తొడలు గట్టిపడ్డాయి. ఇంటిదగ్గర డాక్టరిచ్చిన మందు చుక్కలు వేసుకుని ఆవిరి పట్టేవాడు. దుప్పటి కప్పుకోగానే "వస్తోందా?" అని ఎవరో అడుగుతారని చెవి ఒగ్గేవాడు. చెంపల బరువు తగ్గింది. తట్టలోకి వచ్చే నీళ్ళు తేటపడ్డాయి. వాసన మాత్రం రాలేదు. గంగాభవాని పెట్టె తెరిచినప్పుడల్లా "ఇంకా ఉంది నాన్నా, కొంచెం," అంటోంది. ఆ కొంచెం అనే మాట రోజురోజుకీ చిన్నదవుతోంది.

సంవత్సరీకం దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అతను షెడ్డులో నిలబడి బస్తాలు దింపిస్తున్నాడు. వానకు తడిసిన ఇప్పపువ్వు బస్తాలు. హమాలీ ఒకడు బస్తా దబ్బున పడేశాడు. దాంతో ఏదో వచ్చి అతని కళ్ళ మధ్య తగిలింది. తియ్యగా, బరువుగా, పులిసిన బెల్లంలా ఉంది. రామమూర్తి కండువా లాగేసి ఆ బస్తా మీదికి వంగాడు. పోయింది. మళ్ళీ వచ్చింది. రెండు చేతులా బస్తాను పట్టుకుని, ముఖం ఆనించి, ఏడవడం మొదలుపెట్టాడు.

"అరే, బాబూకో సూంఘ్‌కే హీ చఢ్ గయీ!" అన్నాడు హమాలీ. వాసనకే బాబుకి మత్తెక్కిందని అందరూ నవ్వారు. ముసలి హమాలీ ఒకడు మాత్రం వాళ్ళను కసిరి, అతన్ని పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

సెలవడిగి పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాడు. తాయారమ్మ పైడమ్మతో కలిసి గోల్‌బజారుకు వెళ్ళింది. గంగాభవాని బడినుంచి వచ్చి జడ విప్పుకుంటోంది.

"పెట్టె తియ్యమ్మా."

తండ్రి ముఖం చూసి ఆమె గొళ్ళెం తీసి మూత ఎత్తింది. అతను కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. భయం వేసింది. రాకపోతే? ఇప్పపువ్వుతోనే ఉన్నదంతా అయిపోయి ఉంటే? కళ్ళు మూసుకుని చీరలో ముఖం పెట్టాడు.

వచ్చింది. సన్నగా వచ్చింది గానీ వచ్చింది. ఘాటుగా, కాస్త చేదుగా, ముక్కులో చిన్నగా చురుక్కుమనిపిస్తూ. ఎక్కడిదో గుర్తుపట్టడానికి అతనికి కాసేపు పట్టింది. తన చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే తల్లి నోట్లో పోసేది.

వాము.

ఇంకోచోట వెతికాడు. కుచ్చిళ్ళ దగ్గర నూలు వాసన, అంతే. మళ్ళీ కొంగు దగ్గరికి వచ్చాడు. అక్కడే ఉంది వాసనంతా. కూతురు ఏడాదిగా అమ్మ వాసన అంటున్నది ఇదే.

కొంగు చివర ముడి అలాగే ఉంది. వేలితో తడిమితే లోపల గింజలు నలిగి పొడిగా ఉన్నాయి. అతనికోసం వేయించిన వాము ఎప్పుడూ పాతగుడ్డలోనే కట్టేది. అయిపోతే డబ్బాలోంచి తీసేది. ఈ ముడి విప్పగా అతనెన్నడూ చూడలేదు.

"అమ్మా గంగా, ఈ ముడి ఎందుకు?"

గంగాభవాని కాలి బొటనవేలితో గచ్చు మీద సున్నాలు చుట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మ చెప్పొద్దంది నాన్నా."

రామమూర్తి ఇంక అడగవలసింది ఏమీ మిగల్లేదు. దోమలు కాదు. చలి కాదు. లాంతరు వెలుగూ కాదు. ప్రతి రాత్రీ ఆమె ఆ ముడిని ముక్కుకు ఆనించుకుని, పైన ముసుగు కప్పుకుని, అతని పక్కనే పడుకుంది. చాప అవతలి కొసకు జరగలేదు. ఏళ్ళ తరబడి అలా నలిపి నలిపి పీల్చిన వాము ఆ నూలులో ఇంకిపోయి ఆమె వాసన అయిపోయింది. అతను లాంతరు తగ్గించి, పుణ్యం కట్టుకున్నాననుకుని నిద్రపోయేవాడు.

అతను ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకోబోయి, తడి తగిలితే వాసన పోతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సంవత్సరీకం నాడు కార్యక్రమం అయ్యాక తాయారమ్మ గంగాభవానిచేత పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టించి తెప్పించింది. తమ్ముడు గొడవ చేస్తాడేమోనని ఆమె ముందే ముఖం గట్టిగా పెట్టుకుని ఉంది. రామమూర్తి గొడవ చేయలేదు. పెట్టె తెరిచి చీర తీసి పైడమ్మ చేతుల్లో పెట్టాడు. ఇల్లంతా ఊడ్చేసినట్టయింది.

పైడమ్మ చీర కళ్ళకద్దుకుంది. కొంగు వెతికి ముడి మీద వేలు పెట్టింది. రామమూర్తి ముఖంలోకి ఒక్కసారి చూసింది. ఆ చూపులో ఆమెకూ ఎప్పటినుంచో తెలుసునన్నది అతనికి తెలిసింది. ఆమె ముడి విప్పి, ఆ నలిగిన గింజలు గంగాభవాని అరచేతిలో పోసింది.

"సీర నాకిచ్చినారు, తీసుకున్నాను. వాము నాకెందుకమ్మా? మా మావ ముక్కు బాగానే ఉన్నాది," అంది. నవ్వబోయి, చీరను గుండెలకు హత్తుకుని గబగబా వెళ్ళిపోయింది.

తాయారమ్మ తమ్ముణ్ణి చూసి, పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

సాయంత్రం వాన వెలిసింది. రామమూర్తి వసారాలో చాప వేసుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంగాభవాని లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చింది. అలవాటు ప్రకారం చాప అవతలి కొస దగ్గర ఆగింది. తర్వాత వచ్చి అతని పక్కనే, భుజం తగిలేలా కూర్చుంది. తలలో కొబ్బరినూనె వాసన, పుస్తకం కాగితాల వాసన, ఎక్కడో గుప్పిట్లో ఇంకా వాము. రామమూర్తి ఉలిక్కిపడి కండువా నోటికి అడ్డం పెట్టుకుని ముఖం అటు తిప్పుకున్నాడు.

"ఈ లెక్క చెప్పు నాన్నా."

అతను అటు తిరిగే పుస్తకం కోసం చెయ్యి చాచాడు.

పుస్తకం ఇవ్వలేదు. చిన్న చెయ్యి వచ్చి కండువా కిందికి లాగింది.

"ఇప్పుడు రావట్లేదు నాన్నా," అంది గంగాభవాని.